రాజ్యాంగమును ఇంటిగడపయును

ప్రభుత్వము ప్రజల నడుమ కులమునుబట్టియు మతమునుబట్టియు భేదము చూపరాదను సూత్రమును నేడు బహిరంగముగా కాదనువారు లేరు. ఏ కలెక్టరైనను ఫలాని కులమువారు తన కచేరి మెట్లెక్కరాదని ఉత్తరువు వ్రాసినచో అది హైకోర్టులో ఒక్కదినమైనను నిలువజాలదు. కాని ఆ కచేరిలో పనిచేయు గుమాస్తా సాయంకాలము అద్దెయింటిని వెదకుకొనుచు పోవునపుడు వీధివాకిట నిలిపి “మీరెవరు?” అని యడుగు గృహస్థుని మాట యేమి? ఆ ప్రశ్నకు పేరు చెప్పినంత మాత్రమున చాలదని తెలుగువారి కందరకు తెలిసినదే. ఇంటిపేరు చెప్పి, ఊరు చెప్పి, తుదకు కులము చెప్పినగాని ఆ సంభాషణ ముగియదు. చెప్పినపిదప “నిన్ననే యెవరికో మాట యిచ్చితిమి” అను సమాధానము వచ్చుటయు కలదు. కచేరిలో సమానుడైన ఆ గుమాస్తా వీధిలో సమానుడు కాకపోయెను. ఈ గృహస్థుని చేతిని రాజ్యాంగము పట్టుకొనగలదా, లేదా అనునదియే మేము నేడు విచారింపదలచిన విషయము. మా పాఠకులలో ఇండ్లును అంగళ్ళును అద్దెకిచ్చువారు పెక్కురుండుటచే ఈ విచారణ వారికి పరాయిది కాజాలదు.

రాజ్యాంగమునందలి 15వ అధికరణమును చదువునపుడు ఒక సూక్ష్మమును గమనింపవలెను. మొదటి ఖండమునందు కర్త రాజ్యము. మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అనువానిని మాత్రమే ఆధారముగా గొని రాజ్యము ఏ పౌరునియెడను భేదము చూపరాదని అది శాసించుచున్నది. రెండవ ఖండమునకు వచ్చుసరికి ఆ కర్త మాయమగుచున్నాడు. ఆ కారణములచేత ఏ పౌరునకును అంగళ్ళయందును, భోజనశాలలయందును, హోటళ్ళయందును, వినోదస్థానములయందును ప్రవేశమునకు ఆటంకము కలుగరాదనియు, ప్రభుత్వధనముచే పోషింపబడుచున్నవియో, సర్వజనుల ఉపయోగార్థము విడువబడినవియో అగు బావులు, చెరువులు, స్నానఘట్టములు, రోడ్లు మొదలగువాని విషయమునను అట్లే ఆటంకము కలుగరాదనియు అందున్నది. ఆటంకము కలిగించువాడు ప్రభుత్వోద్యోగియా, కాఫీహోటలు యజమానియా అను విచారణ అచ్చట లేదు. 17వ అధికరణమునందును అంతే. అంటరానితనము రద్దయినది, ఏ రూపమునను దాని నాచరింపరాదు అని మాత్రమే కలదు. వెట్టిచాకిరిని నిషేధించిన 23వ అధికరణమునకును, పదునాలుగేండ్లలోపు బాలురను కర్మాగారములలో పెట్టరాదనిన 24వ అధికరణమునకును ఇదియే రీతి. రాజ్యాంగకర్తలు ఈ మాటలను ఏమరుపాటున వ్రాయలేదు. ప్రభుత్వపు చేతిని కట్టినంతమాత్రమున ఈ దేశమున సమానత్వము రాదని వారెరుగుదురు. ఏలయన ఈ దేశమున మనుష్యుని వెలివేసినది ముఖ్యముగా ప్రభుత్వము కాదు, ఊరు.

అమెరికా వారి యనుభవము వారి కనులయెదుట నుండెను. ఆ దేశమున అంతర్యుద్ధానంతరము 1868లో చేయబడిన పదునాలుగవ సవరణము, ఏ రాష్ట్రమును ఎవనికిని చట్టముల సమానరక్షణను నిరాకరింపరాదని విధించినది. దానిని నమ్ముకొని 1875లో అచ్చటి కాంగ్రెసు, సత్రములు, నాటకశాలలు, రైళ్ళు మున్నగువానిలో నల్లవారిని త్రోసివేయుట నేరమని చట్టము చేసెను. 1883లో సుప్రీముకోర్టు ఆ చట్టమును కొట్టివేసినది. సవరణము రాష్ట్రమును నిషేధించినదే కాని నాటకశాల యజమానిని నిషేధింపలేదని ఎనమండుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. హార్లన్ ఒక్కడే అసమ్మతి తెలిపెను. ఆ ఒక్క తీర్పువలన ఎనుబది యొక్క సంవత్సరములు గడచిపోయినవి. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చువరకు దక్షిణరాష్ట్రములలోని నల్లవాడు హోటలు తలుపు తట్టుటకు కేంద్రచట్టమేదియు తోడు రాలేదు. 1964 నాటి చట్టమునైనను అచ్చటి న్యాయస్థానము నిలిపినది సమానత్వసూత్రముపై గాదు, రాష్ట్రముల నడుమ వాణిజ్యమును క్రమబద్ధము చేయు అధికారముపైన! మనుష్యుడు మనుష్యుని గౌరవింపవలెనని చెప్పుటకు సరకుల రవాణా అధికారము నాశ్రయింపవలసివచ్చుట చూడ విచిత్రముగ నున్నది.

మన రాజ్యాంగసభ ఆ చిక్కును ముందే తొలగించుకొనెను. అంటరానితనమును రద్దుచేయు అధికరణమును సభ 1948 నవంబరు 29వ తేదీన ఆమోదించెను. ఆ దినముననే అంగళ్ళ విషయమున సభ్యుల సందేహములకు సమాధానము చెప్పుచు డాక్టరు అంబేడ్కరు, అంగడి యను మాటను లోనికి ప్రవేశించుటయను సంకుచితార్థమున వాడలేదనియు, ప్రతిఫలము గైకొని తన సేవను జనులకు అందించు ప్రతివానికిని అది వర్తించుననియు వివరించెను. తెలుగుదేశము ఈ భావమునకు క్రొత్తది కాదు. 1938లోనే మదరాసు శాసనసభ పౌర అనర్హతల నివారణ చట్టమును చేసియుండెను. పంతొమ్మిదివందల ముప్పదులలో చట్టమైన సంగతిని ఇప్పటికిని క్రొత్తగా వాదింపవలసివచ్చుచున్నదనిన, తప్పు చట్టములో లేదని తోచును.

ఈ అధికరణము కాగితమున నుండుటకును నేలపై నుండుటకును గల దూరమును ఆంధ్రదేశము రెండుమార్లు రక్తముతో కొలిచినది. 1985 జూలై 17వ తేదీన కారంచేడులో ఆరుగురు దళితులు చంపబడిరి. ఆ కలహము దళితులు త్రాగునీరు తెచ్చుకొను చెరువుకడ పుట్టినది. 1991 ఆగస్టు 6వ తేదీన చుండూరులో ఎనమండుగురు దళితులు చంపబడిరి. ఆ కలహమునకు మొదలు సినిమాహాలులో ఒకని కాలు మరియొకనికి తగులుట. మధ్యలో నడచినది సాంఘిక బహిష్కారము. చెరువును, వినోదస్థానమును రెండును 15వ అధికరణపు రెండవఖండమున పేరుపేరున చెప్పబడినవేనని పాఠకులు గమనింతురుగాక. చెరువునుగాని సినిమాహాలునుగాని ప్రభుత్వము ఎవనికిని నిషేధించియుండలేదు. చంపినవారును ప్రభుత్వోద్యోగులు కారు. రాజ్యాంగము ప్రభుత్వమును మాత్రమే కట్టిన పత్రమైనచో ఈ రెండు గ్రామముల విషయమున అది చెప్పదగినది ఏమియు నుండెడిది కాదు. చుండూరు కేసులో 2007లో విచారణ న్యాయస్థానము విధించిన శిక్షలను 2014లో హైకోర్టు రద్దుచేసి నిందితులను విడిచిపెట్టినది. సాక్ష్యపు తప్పొప్పులను ఇచ్చట తర్కింపము. కాని చట్టము పౌరునివరకు చేరుటకెంత కాలము పట్టుచున్నదో, చేరిన పిమ్మటనైనను ఎట్లు చేయి జారుచున్నదో ఆ తేదీలే చెప్పుచున్నవి.

చట్టములు లేవని యనుటకు వీలులేదు. 1955లో అంటరానితనపు నేరముల చట్టము వచ్చెను. 1976లో అది పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చుకొనెను. దుకాణదారుడు సరకు అమ్మననుట, నివాసయోగ్యమగు ఇంటిని దక్కనీయకుండుట, వైద్యశాలలో చేర్చుకొనననుట, ఇవి అంటరానితనము కారణముగా జరిగినచో ఆ చట్టప్రకారము నేరములు. బాధితుడు షెడ్యూల్డు కులమువాడైనచో నేరము అంటరానితనము కారణముననే జరిగినదని న్యాయస్థానము భావింపవలెననియు, కాదని రుజువుచేయు భారము ఎదిరిదనియు అందు కలదు. ఇది మిక్కిలి బలమగు నిబంధన. శిక్ష మాత్రము మొదటి నేరమునకు ఒక నెల మొదలు ఆరునెలల కారాగారమును, నూరు మొదలు ఐదువందల రూపాయల జుల్మానాయు. 1976లో ఐదువందలు ఒక మాదిరి ఉద్యోగికి నెలజీతము. నేడు పట్టణమున ఒక కుటుంబము హోటలులో భోజనము చేయుటకు చాలదు. 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టమునకు 2015లో చేయబడిన సవరణము షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని సాంఘికముగా గాని ఆర్థికముగా గాని బహిష్కరించుటను ఆరునెలలనుండి ఐదేండ్లవరకు శిక్షార్హమగు నేరముగా చేసినది. చుండూరు తరువాత ఇరువదినాలుగేండ్లకైనను ఆ మాట చట్టమున కెక్కుట మంచిది.

ఇంతవరకు చెప్పినది అంటరానితనము. దానికి వెలుపల ఏమున్నది? ముస్లిమైనందున ఇల్లు దొరకనివాడు, ఈశాన్యరాష్ట్రపు ముఖమైనందున గెంటివేయబడిన విద్యార్థి, భర్త లేనందున అనుమానింపబడు స్త్రీ, వెనుకబడిన కులపు ఇంటిపేరు వినగానే తలుపు మూయించుకొన్న వృత్తిపనివాడు, వీరికి 1955 చట్టము చాలదు. 15వ అధికరణపు రెండవఖండము అంగడిని, హోటలును పేర్కొన్నదే గాని అద్దెయింటిని పేర్కొనలేదు. ప్రైవేటు ఉద్యోగమును గూడ పేర్కొనలేదు. నగరములలో “శాకాహారులకు మాత్రమే” యని వ్రాసి వ్రేలాడదీయు టు-లెట్ పలక ఈ సందులోనే నిలువ నీడ సంపాదించుకొన్నది. వంటింటి వాసనను గూర్చి నిజముగా పట్టింపు గలవారు కొందరుందురని మేమెరుగుదుము. ఆ పలకను చూచినవాడు అది అడుగుచున్నది కూరను గూర్చియా కులమును గూర్చియా అను సంగతిని క్షణములో గ్రహించుననియు ఎరుగుదుము.

ఈ సందును న్యాయస్థానము పూడ్చునని కొందరాశించిరి. 2005లో అహమ్మదాబాదునందలి జొరాష్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘము కేసు సుప్రీముకోర్టుకు వచ్చెను. పారసీలకు మాత్రమే సభ్యత్వమని ఆ సంఘము నిబంధన. ఒక సభ్యుడు తన స్థలమును ఇతరులకు అమ్మబూనగా వివాదము పుట్టెను. సభ్యులు స్వచ్ఛందముగా కూడి తమ సంఘమును తమవారికి పరిమితము చేసికొనుట సంఘస్వాతంత్ర్యములోనిదనియు, అట్టి కట్టుబాటు చట్టవిరుద్ధము కాదనియు, రాజ్యాంగపు మూడవభాగము అట్టి ప్రైవేటు ఒడంబడికను అడ్డగింపదనియు న్యాయస్థానము తీర్పుచెప్పినది. పారసీలు నానాటికి తరుగుచున్న అల్పసంఖ్యాకులు. తమ సంస్కృతిని కాపాడుకొనవలెనను వారి తపనయెడ మాకు సానుభూతి కలదు. అయినను తీర్పులోని సూత్రము పారసీల కాలనీయొద్ద నిలిచిపోవునది కాదు. అల్పసంఖ్యాకుడు తన్ను కాపాడుకొనుటకు కట్టుకొన్న గోడయు, అధికసంఖ్యాకుడు ఇతరుని వెలివేయుటకు కట్టిన గోడయు ఆ సూత్రమున కొక్కటియే. ఒక కులమువారు కూడి, పేరు పెట్టి, రిజిస్ట్రారు కచేరిలో నమోదు చేసికొని, ఊరిలో మంచి స్థలము కొని, దానిచుట్టు ప్రహరీ నిర్మించుకొన్నచో ఈ తీర్పునుబట్టి వారిని కాదనుట యెట్లు?

ఇదే ప్రశ్న అమెరికాలో 1948 మే నెలలో, అనగా మన సభ అంటరానితనమును రద్దుచేయుటకు ఆరునెలలముందు, తేలినది. సెయింట్ లూయిస్ నగరమున ఒక వీధివారు నల్లవారికి ఇండ్లు అమ్మరాదని 1911లో తమలో తాము వ్రాసికొన్న ఒడంబడికను అమలుజరుపుమని కోర్టుకు పోయిరి. సుప్రీముకోర్టు చెప్పిన సమాధానము మిక్కిలి చమత్కారమైనది. మీరు వ్రాసికొన్న కాగితమును మేము తప్పుపట్టము, కాని దానిని అమలుజరుపుటకు న్యాయస్థానపు హస్తమును మీకు అరువీయము, ఏలయన న్యాయస్థానము రాష్ట్రములోనిదే, రాష్ట్రము భేదము చూపరాదు అని దాని సారాంశము. ప్రభుత్వమును మాత్రమే కట్టు రాజ్యాంగము గల దేశమున ఇంటిగోడ కూలినది. పౌరుని గూడ కట్టు రాజ్యాంగము గల దేశమున, ఏబదియేడు సంవత్సరముల తరువాత, అది నిలిచినది. అక్షరములలో మనము ఉదారులమై, ఇంటి విషయమున లోభులమైతిమి.

తరువాతి కాలమున గాలి కొంత మారినదని చెప్పవలెను. 2011లో ఢిల్లీయందలి ఒక సైనిక వైద్యకళాశాల సీట్లన్నియు సైనికోద్యోగుల బిడ్డలకే ఉంచుకొన్న కేసులో తీర్పు వ్రాసిన జస్టిస్ బి. సుదర్శనరెడ్డి, రంగారెడ్డిజిల్లాకు చెందిన మన తెలుగువాడు, 1948 నాటి అంబేడ్కరు వివరణమును వెలికితీసి, అంగడి యను మాటలో ప్రైవేటు విద్యాసంస్థయు చేరునని నిర్ణయించెను. ప్రతిఫలము గొని జనులకు సేవచేయు ప్రతిస్థలమును అంగడియైనచో, అద్దె గొని జనులకు ఇల్లిచ్చువాడు ఎట్లు కాడు? ఈ ప్రశ్నను ఇంకను ఎవరైనను గట్టిగా అడుగవలసియున్నది. 2023 జనవరి 3వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనములో నలుగురు 19, 21 అధికరణముల హక్కులను ప్రభుత్వేతరులపైన గూడ అమలుపరచవచ్చునని చెప్పిరి. జస్టిస్ నాగరత్న భిన్నాభిప్రాయము వెలిబుచ్చెను. తలుపు తెరువబడినది నిజమే. లోపల గదులెన్ని, దీపమెచ్చట అను సంగతి ఆ తీర్పువలన తెలియదు. హక్కు ఎవనిమీద, ఏ మేరకు, ఏ కోర్టులో అను వివరములను ఒక్కొక్క కేసుగా తేల్చుకొనుమనుట పేదవానికి హక్కునిచ్చి తాళపుచెవిని వకీలుకడ నుంచుట వంటిది.

కావున శాసనసభలు పూనుకొనక తప్పదు. 2006లో సచార్ సంఘము సమానావకాశముల కమిషను కావలెనని చెప్పెను. 2008లో మాధవమీనన్ అధ్యక్షతన నిపుణులు దానికి రూపమును గీచియిచ్చిరి. ఆ పత్రములు ఢిల్లీ బీరువాలను దాటలేదు. సర్వత్ర వివక్షను నిషేధించు బిల్లొకటి 2017లో శశి థరూరు లోకసభ ముందుంచగా అదియు చట్టము కాకయే కాలగర్భమున కలిసెను. వింత యేమనగా, ముక్కలుముక్కలుగా పార్లమెంటు ఈ పనిని చేయుచునే యున్నది. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము ఆ రోగముగలవానికి ఇల్లు అద్దెకీయకుండుటను ఏ వ్యక్తియైనను చేయరాదని స్పష్టముగా చెప్పినది. రోగికి దొరికిన ఆ రక్షణ ఆరోగ్యవంతుడగు ముస్లిమునకు దొరకలేదు. ఇంటియజమాని స్వాతంత్ర్యము ఒకరి విషయమున లొంగగలిగినపుడు మరియొకరి విషయమున లొంగరాదనుటకు కారణము మాకు కానరాదు.

“మా యిల్లు మా యిష్టము” అనువారి మాటలో బలము లేకపోలేదు. ఎవరిని భోజనమునకు పిలువవలెను, ఎవరితో వియ్యమందవలెను అనునవి ప్రభుత్వము తలదూర్చరాని విషయములు. అట్టి జోక్యమును మేమే ముందుగా ప్రతిఘటింతుము. ఒంటరియగు ముసలమ్మ తాను కాపురమున్న ఇంటిలో ఒక గదిని ఎవరికీయవలెనో ఆమె మనసుకే విడువవచ్చును. 1968 నాటి అమెరికా గృహవసతి చట్టము, యజమాని తానే కాపురముండు నాలుగు వాటాలకు మించని ఇంటికి మినహాయింపు నిచ్చినది. అయినను కులమతభేదములు చాటు ప్రకటనను మాత్రము అట్టి యజమానియు చేయరాదనినది. ఈ గీత మనకును తగును. కాని ఇరువది వాటాల భవనము కట్టి, పురపాలకసంఘపు నీరును, రోడ్డును వాడుకొనుచు, అద్దె రానిచో కోర్టునకు పోయి, ఖాళీచేయనిచో పోలీసుల సాయము కోరువాడు ఆ భవనము తన అంతఃపురమని చెప్పుట చెల్లదు. అతడు గృహస్థుడు కాడు, వర్తకుడు. వర్తకునికి ఇదివరకే తూనికలును, కొలతలును, పన్నులును నియమములు గలవు.

మన ఇండ్లనుండి వేలకొలది బిడ్డలు డాలసునందును, న్యూజెర్సీయందును నేడు అద్దెయిండ్లలో కాపురములున్నారు. వారి వర్ణమును చూచియు, మతమును చూచియు తలుపు మూయు యజమానిని ఆ 1968 చట్టమే పట్టుకొనుచున్నది. సియాటిల్ నగరము 2023లో కులమును గూడ ఆ నిషేధములో చేర్చినది. సముద్రమున కావల తమ బిడ్డలకు కావలెనని కోరు రక్షణను, ఈవల తమ వాకిటికి వచ్చిన పరుల బిడ్డకు నిరాకరించువారు ఆ రెండు తలంపులను ఒకే మనసున నెట్లు ఇముడ్చుకొనుచున్నారో వారే చెప్పవలెను.

2021లో కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు పంపిన నమూనా అద్దె చట్టము నివాసగృహమునకు బయానా రెండునెలల అద్దెకు మించరాదనినది. అద్దె పెంచుటకు ముందు నోటీసు ఈయవలెననినది. వ్రాతపూర్వకమగు ఒప్పందము ఉండితీరవలెననినది. యజమాని యిష్టమును ఇన్నివిధముల కట్టిన ఆ పత్రమున, అద్దెకోరి వచ్చినవానిని కులమతములనుబట్టి త్రోసిపుచ్చరాదను వాక్యము మాత్రము లేదు. అమరావతిలోని సభయు, హైదరాబాదులోని సభయు తమ తమ అద్దె చట్టములను సవరించు సందర్భమున ఆ వాక్యమును చేర్చుటకు ఢిల్లీ అనుజ్ఞకై వేచియుండనక్కరలేదని మా యభిప్రాయము. దానికి తోడు విచారణ అద్దె అధికారికడనే జరుగవలెను, పోలీసుఠాణాలో కాదు. నష్టపరిహారము బాధితునికి చేరవలెను, ఖజానాకు కాదు. ఐదువందల రూపాయలు కాక, కనీసము మూడునెలల అద్దెయైనను కావలెను.